తువ్వాలు వేసిన కుర్చీ

ఈ మధ్య గ్రంథాలయ శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, "మేడం, ఈ ఉద్యోగంలో ఏది కష్టం? పుస్తకాల వర్గీకరణేనా?" అని అడిగింది. పాపం, పరీక్షకు చదివినదంతా ఇంకా తలలోనే ఉంది. వర్గీకరణ ఏమీ కష్టం కాదమ్మా, పుస్తకాలు చాలా మర్యాదస్తులు, ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి, పక్క పుస్తకంతో తగాదా పెట్టుకోవు, మన మీద పైఅధికారికి ఫిర్యాదు రాయవు అని చెప్పాను. కష్టమంతా కుర్చీలతోనే. నేను ఇన్నేళ్లూ లైబ్రేరియన్‌గా పనిచేశానని పెన్షన్ కాగితాల్లో ఉంది గానీ, చేసింది మాత్రం కుర్చీల కాపలా.

ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల సంగతి రాయను. అవి చెప్పడానికి ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు, టీ ఇప్పిస్తే చాలు. నేను దిల్‌సుఖ్‌నగర్ శాఖలో చూసిన ఒక్క విషయం రాస్తాను. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉన్న రోజుల్లో మొదలైందది. ఇంకా తేలలేదు.

మనిషున్నారు

మా శాఖ మెయిన్ రోడ్డు మీంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వైపు తిరిగే సందులో ఉండేది. మామిడి కాలంలో చదువుకునేవాళ్లకు మామిడిపళ్ల వాసన ఉచితం. ముందు ఒక హాలు, వెనక ఒక గది. హాలులో దినపత్రికలు, గోడ పొడవునా కుర్చీలు. వెనక గదిలో ఒక పొడుగాటి బల్ల, రెండు బెంచీలు, పోటీ పరీక్షల పుస్తకాలు. హాలుకు వచ్చేది రిటైరైన పెద్దలు. వెనక గదికి వచ్చేది చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి సర్కారు నౌకరీకి చదివే పిల్లలు. వాళ్లలో ఎక్కువమంది నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు.

బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే అలవాటు మనకు కొత్త కాదు. కర్చీఫ్ వేసిన సీటులో కూర్చున్నవాణ్ణి బస్సంతా కలిసి తిడుతుంది. ఆ కర్చీఫ్ మా లైబ్రరీకి వచ్చేసరికి తువ్వాలైంది. పొద్దున ఎనిమిదికి తలుపు తెరవగానే పెద్దలంతా వరసగా వచ్చి తలా ఒక కుర్చీ మీద తువ్వాలు పరిచేవారు. కరువు భత్యం పెరిగిందేమోనని పేపర్లో ఒక చూపు చూసి, టిఫిన్‌కు ఇంటికి పోయేవారు. అటునుంచి బ్యాంకు, అటునుంచి మందుల షాపు. పదకొండింటికో పన్నెండింటికో తిరిగి వచ్చేవారు. అంతసేపూ తువ్వాలు చదువుకుంటూ ఉండేది.

వెనక గది నిండిపోయి, పిల్లలెవరైనా హాలులోకి వచ్చి ఆ ఖాళీ కుర్చీ దగ్గర నిలబడితే, పక్కనున్న పెద్దాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అనేవాడు: "ఇక్కడ మనిషున్నారు."

నేను కొత్తలో అది కుర్చీల కొరత అనుకున్నాను. హెడ్డాఫీసు చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతి అధికారికీ నమస్కారాలు పెట్టి, ఇంకో పది కుర్చీలు తెప్పించాను. కుర్చీలు దిగిన రోజు గొప్ప పని చేశాననుకుని ఇంట్లో పాయసం కూడా వండాను. వారం తిరక్కుండా మరో పదిమంది పెద్దలు, మరో పది తువ్వాళ్లు. అంతకుముందు ఇంటి అరుగు మీద పేపరు చదువుకునేవాళ్లు కూడా, సీటు దొరుకుతోందట అని బయల్దేరి వచ్చారు. పిల్లలు మాత్రం ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడ్డారు. ప్రభుత్వం ఏదైనా పథకం పెట్టినప్పుడల్లా నాకు ఆ పది కుర్చీలు గుర్తొస్తాయి.

మలక్‌పేట శాఖలో నాకు మొదటి పైఅధికారి ఒకాయన ఉండేవారు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా కుర్చీలోనే కునుకు తీసేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నది పెద్దగా ఏమీ లేదు, ఒక్కటి తప్ప. "లోపలికి రాంగనే రిజిస్టర్ సూడకమ్మా, ఎవరు నిలబడ్డరో సూడు" అనేవారు. అది చెప్పి మళ్లీ కళ్లు మూసుకునేవారు.

మాటల్లేని స్నేహం

హాలులో కిటికీ పక్కన రెండు కుర్చీలు ఇద్దరు పెద్దమనుషులవి. ఒకరు వెంకట్రామయ్య గారు, నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు, తెనాలి వైపు వారు. మా వెనక సందులోనే సొంత ఇల్లు. కింద ఆయన కుటుంబం, పైన మూడంతస్తుల్లో అమ్మాయిల హాస్టల్. రెండో ఆయన జంగారెడ్డి సార్, దేవరకొండ వైపు హైస్కూల్ హెడ్‌మాస్టరు చేసి రిటైరై నాగోల్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఉద్యమానికి ముందు ఇద్దరూ ఒకే పేపర్ని చెరో సగం పంచుకుని చదివేవారు.

ఉద్యమం వచ్చాక మాటలు బందయ్యాయి. ఒకాయన సమైక్యం, ఇంకొకాయన ప్రత్యేకం. ఒకాయన చదివే పేపరు ఇంకొకాయన ముట్టడు. కుర్చీలు మాత్రం ఎవరూ మార్చుకోలేదు, పక్కపక్కనే, చెరోవైపు మొహం పెట్టుకుని కూర్చునేవారు. తమాషా ఏమిటంటే, వెంకట్రామయ్య గారు టిఫిన్‌కు వెళ్తే ఆయన తువ్వాలుకు కాపలా జంగారెడ్డి సార్. ఎవరైనా ఆ కుర్చీ వైపు చూస్తే చాలు, "గీడ మనిషున్నడు" అని గద్దించేవారు. జంగారెడ్డి సార్ సాయంత్రం ఉద్యమ శిబిరంలో ప్రసంగానికి వెళ్తే, ఆయన తువ్వాలుకు కాపలా వెంకట్రామయ్య గారు. రాష్ట్రం రెండు ముక్కలు కావాలా వద్దా అన్నది తేలలేదు గానీ, కుర్చీల విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే రాజ్యం.

చెడ్డవాళ్లు కాదు సుమా. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే నా పని తేలికయ్యేది. వెంకట్రామయ్య గారు మామిడి కాలంలో నాకో బుట్ట పళ్లు పంపేవారు. జంగారెడ్డి సార్ మా అబ్బాయికి లెక్కలు చెప్పి పదో తరగతి గట్టెక్కించారు. ఇద్దరికీ ఇంట్లో కూర్చుంటే విలువ లేదు. హాల్లో టీవీ ముందు కోడళ్లు, గదిలో మనవలు. తమది అని చెప్పుకోవడానికి ఆ కుర్చీ ఒక్కటే మిగిలిందని నాకు తెలుసు. తెలిసి కూడా కోపం వచ్చేది.

నిలబడి చదివిన అమ్మాయి

రజిత వెంకట్రామయ్య గారి హాస్టల్లోనే ఉండేది. నల్గొండ పక్కన పల్లె. నాన్న ఆటో తోలేవాడు. పొద్దున ఎల్బీనగర్‌లో చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి, పది దాటాక లైబ్రరీకి వచ్చేది. అప్పటికి వెనక గదిలో బెంచీలు నిండిపోయేవి, ముందు హాలులో తువ్వాళ్లు నిండిపోయేవి. హాలులో గుండెలెత్తు బీరువా ఒకటుంటే, దాని మీద పుస్తకం పెట్టుకుని నిలబడి చదివేది. కాళ్లు నొప్పి పుడితే ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడేది. వయసు ముప్పై దాటింది. గ్రూపు పరీక్షలకు వయోపరిమితి దగ్గరపడుతోంది. ఉద్యమం తేలేదాకా నోటిఫికేషన్లు లేవు. ఆమెకున్న గడువు అది, ఆమెకు కావలసింది ఒక కుర్చీ.

ఒకరోజు వెంకట్రామయ్య గారికి ఆమె మీద జాలి కలిగింది. జాలి కలిగితే పెద్దలు సలహా ఇస్తారు.

"ఏమ్మా, అలా నిలబడి చదివితే బుర్రకెక్కుతుందా? పట్టుదల ఉండాలమ్మా. ఈ కాలం పిల్లలకు అదే లేదు. మేం ఎంత కష్టపడి పైకొచ్చామనుకున్నావ్?"

"మీరెట్ల జాయినయిండ్రు సార్ నౌకరీల?" అని రజిత నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మా మేనమామ ఆ ఆఫీసులోనే ఉండేవాడు. ఖాళీ ఉంది, రమ్మని కార్డు రాశాడు. వెళ్లాను."

"పరీక్ష?"

"పరీక్షేంటమ్మా? కూర్చోబెట్టి నాలుగు లైన్లు రాయించారు. దస్తూరీ బాగుందన్నారు."

రజిత తలకిందులుగా పట్టుకున్న పెన్నును తిప్పి పట్టుకుని, "మీ దస్తూరి మంచిగనే ఉంటది సార్, కిరాయి రసీదు మీద సూసిన" అంది. ఆయన అది మెప్పనుకుని సంతోషించారు.

జంగారెడ్డి సార్ ఆ మాట విని, పక్కాయనతో మాట్లాడకుండా పక్కాయనకు వినబడేటట్టు రజితతో అన్నారు. "రాష్ట్రం రానీయ్ బిడ్డా. ఒచ్చినంక నౌకర్లన్నీ మీవే. జర ఓపిక పట్టుండ్రి."

"రాష్ట్రం ఒస్తది సార్. గప్పటిదాక నా వయసు ఆగుతదా?"

ఆయన పేపరు తిప్పారు. ఆ పేజీలో పెన్షనర్ల సంఘం వార్త ఉంది, అది చాలాసేపు చదివారు. ఆ సంఘంవాళ్లకు కావలసిన పెన్షన్ పెంపు వచ్చే నెలలోనే రావాలి, ఆ పిల్లలకు కావలసిన ఉద్యోగం మాత్రం రాష్ట్రం వచ్చాక రావచ్చు. ఓపిక ఎప్పుడూ చిన్నవాళ్ల వాటాకే వస్తుందెందుకో అని నాకు అప్పుడే అనిపించింది. పైగా ఆ ఉద్యోగం వచ్చినా పాత పెన్షన్ ఉండదు. అది ముందు చేరినవాళ్లతోనే సరి. ఆ నిర్ణయం చేసినవాళ్లందరికీ పాత పెన్షనే ఉంది.

రోడ్డు మీద వంట

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టాలని ఉద్యమ సంఘాలు నిర్ణయించాయి. తెలియనివాళ్లకు చెబుతాను. బస్సులు పోయే రోడ్డు మధ్యలో మూడు రాళ్లు పెట్టి, గిన్నె ఎక్కించి, అక్కడే వండి అక్కడే తినడం. రోడ్డు బంద్, నిరసన, భోజనం, మూడూ ఒకేసారి అయిపోతాయి. ముందురోజు సాయంత్రం జంగారెడ్డి సార్ మా వెనక గదిలోకి వచ్చారు. ఆయన ఆ గది గడప తొక్కడం అదే మొదటిసారి.

"రేపు పొద్దుగాల్నే అందరు రోడ్డు మీద ఉండాలె. ముందల వరుసల మీరే ఉండాలె, యువత. పోలీసోళ్లు ఒస్తరు, భయపడొద్దు."

"మీరొస్తరా సార్?" అని రజిత అడిగింది.

"ఎందుకు రాను బిడ్డా? ఒస్త. పేపర్ సూసుకోని ఒస్త."

గదిలో ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం బీరువా వెనక్కి వెళ్లి నవ్వుకున్నాను.

మర్నాడు ఎనిమిదికి తలుపు తెరిచేసరికి గేటు ముందు పెద్దలకంటే ముందు పిల్లలు నిలబడి ఉన్నారు. గబగబా లోపలికి వచ్చారు. హాలులోని ఒక్కొక్క కుర్చీ మీద ఒక్కొక్క తువ్వాలు పరిచారు. తువ్వాలు లేనివాళ్లు చున్నీలు, లుంగీలు, ఒకడైతే హాస్టల్ దుప్పటి. కిటికీ పక్క రెండు కుర్చీలకూ పడ్డాయి. పరిచేసి అందరూ రోడ్డు మీదికి పోయారు. చివరగా వెళ్తూ రజిత నా బల్ల దగ్గర ఆగింది.

"మేడం, ఎవరన్న అడుగుతె మనిషున్నడని చెప్పుండ్రి."

పెద్దలు వచ్చారు. హాలంతా చూశారు. ఒక్క మనిషి లేడు, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. వెంకట్రామయ్య గారు నా దగ్గరికి వచ్చారు.

"ఏంటమ్మా ఇది? కూర్చునేవాడు లేకుండా కుర్చీలకు గుడ్డలు కప్పి పోవడమేంటి? ఇదేమన్నా న్యాయమా?"

"సార్, ఆడ మనుషులున్నరు."

"ఎక్కడున్నారు?"

"రోడ్డు మీద. జంగారెడ్డి సారే పంపిండ్రు."

జంగారెడ్డి సార్ ముఖం చూడాలి. తీసి అవతల పారేయమని ఎవరో అన్నారు. ఎవరూ చెయ్యి వేయలేదు. ఎందుకు వేయలేదో అందరికీ తెలుసు. ఒక్క తువ్వాలు తీసినా, రేపటి నుంచి ఏ తువ్వాలుకూ కాపలా ఉండదు. ఇన్నేళ్లు వాళ్లు నిలబెట్టుకున్న చట్టం వాళ్లనే నిలబెట్టింది. బీరువాల మీద పేపర్లు పెట్టుకుని, ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడి చదివారు. నేను నా జీవితంలో అంత హాయిగా రిజిస్టరు రాసుకున్న రోజు లేదు.

అరగంటకు వెంకట్రామయ్య గారి మోకాళ్లు మొరాయించాయి. పోయి మెట్ల మీద కూలబడ్డారు. ఇంకాసేపటికి జంగారెడ్డి సార్ కూడా పోయి పక్కన కూర్చున్నారు. వంటావార్పుకు పోవలసిన మనిషి మెట్ల దాకా పోయారన్నమాట.

"మోకాళ్లు ఎట్లున్నయి?" అన్నారు జంగారెడ్డి సార్.

"ఏం మోకాళ్లండీ బాబూ, మీకు తెలీందేముంది."

అవి సంవత్సరం తర్వాత వాళ్ల మొదటి మాటలు. నాకు నిజంగా సంతోషమేసింది. ఆంధ్ర, తెలంగాణ అని విడిపోయిన ఇద్దరు స్నేహితుల్ని పిల్లలు మళ్లీ కలిపారనుకున్నాను. ఇద్దరికీ టీ కూడా తెప్పించాను. ఆ టీ తాగుతూ వాళ్లేం మాట్లాడుకున్నారో నాలుగు రోజుల తర్వాత గానీ తెలియలేదు.

మధ్యాహ్నం పోలీసులు రోడ్డు ఖాళీ చేయించారు. గిన్నెలు దొర్లిపోయాయి, వండిన అన్నం రోడ్డు పాలయింది. రజిత తిరిగి వచ్చేసరికి కుడి మోచెయ్యి వాచి ఉంది. దవాఖానకు పొమ్మంటే వినలేదు.

"చెయ్యి తగ్గుతది మేడం. పేర్లు రాసుకున్నరట. కేసు పెడితె నౌకరి ఒచ్చినా ఇయ్యరంటగద?" అంది. ఆమె కళ్లల్లో అంత భయం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత తేలింది, ఆమె పేరు రాసుకోలేదని. ఆ రోజు మాత్రం, కిటికీ పక్కన కుర్చీ మీదున్న తన చున్నీ తీసి కప్పుకుని, ఆ హాలులో మొదటిసారి కూర్చుంది. ఎడమ చేత్తో పేజీలు తిప్పుతూ చీకటి పడేదాకా చదివింది. నాకు దుఃఖం ఆగలేదు, లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చాను.

ఓటు ఎక్కడ?

నాలుగు రోజుల తర్వాత హెడ్డాఫీసు నుంచి ఫోన్. మా శాఖ మీద అర్జీ వచ్చిందట. వెనక గదిని పోటీ పరీక్షల పిల్లలు పాడుచేస్తున్నారు, దాన్ని వృద్ధుల విశ్రాంతి మందిరంగా మార్చాలి అని. కింద మొదటి రెండు సంతకాలు వెంకట్రామయ్య గారిది, జంగారెడ్డి సార్‌ది. ఊరంతా రెండుగా చీలి ఉన్న రోజుల్లో రెండు ప్రాంతాలవాళ్లూ కలిసి పెట్టిన సంతకాలు నేను చూసినవి అవే.

ఛైర్మన్ గారు స్వయంగా విచారణకు వచ్చారు. గ్రంథాలయ ఛైర్మన్ అంటే పుస్తకాలు చదివేవారని కొత్తవాళ్లు పొరపాటు పడొద్దు. అది పార్టీలో పని చేసినవాళ్లకు ఇచ్చే పదవి. ఈయన కొంచెం మంచివారు, రాగానే పంకా కింద కూర్చుని, రెండు పక్షాలూ చెప్పండి అన్నారు.

వెంకట్రామయ్య గారు లేచారు. "ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కట్టేది మేమండీ. ఈ పిల్లలు పైసా కట్టరు. మా డబ్బుతో నడిచే లైబ్రరీలో మాకు కాళ్లు చాపుకునే చోటు లేదంటే ఎలాగండీ?"

రజిత బీరువా పక్కనే నిలబడి ఉంది. "సార్, మీ ఇంటి పన్ను ఏడికెల్లి కడుతుండ్రు? మా కిరాయిలకెల్లే గద. మూడంతస్తుల పిల్లలం కడుతున్నం, పేరు మీది పడుతున్నది."

ఛైర్మన్ గారు పడీ పడీ నవ్వారు. అమ్మాయి చురుకైంది అన్నారు. నాకు ఆశ పుట్టింది. అప్పుడు ఆయన ముందుకు వంగి, చాలా ఆప్యాయంగా అడిగారు.

"నీ ఓటు ఎక్కడుందమ్మా?"

"మా ఊర్ల ఉంది సార్."

"ఇంకేం మరి? లైబ్రరీ కూడా మీ ఊళ్లోనే అడగాలి."

విచారణ అయిపోయింది. నేను చాలా పాఠ్యపుస్తకాలు చూశాను గానీ, ఈ దేశంలో డబ్బు ఎవరి వైపు ఎందుకు పారుతుందో అంత తక్కువ మాటల్లో చెప్పినవారు లేరు. పెద్దలు అదే వార్డులో ఉంటారు, ఎండైనా వానైనా పోలింగ్‌కు వస్తారు. పిల్లలు ఇవాళ ఈ హాస్టల్, రేపు ఇంకో హాస్టల్. నేను అడ్డం పడి, గది మార్చడానికి నిధులు లేవని, మరమ్మతులున్నాయని, వైరింగ్ పాతదని ఏవేవో రాసి రాష్ట్రం వచ్చేదాకా సాగదీశాను. సర్కారు ఉద్యోగంలో నాకు బాగా పట్టుబడిన విద్య అదొక్కటే, ఒక్కసారైనా మంచి పనికి వాడాను.

వచ్చిన తర్వాత

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు వెనక గది పిల్లలు రంగులు చల్లుకున్నారు, నా బల్ల మీద కూడా గులాల్ పడింది. రజిత నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ సంతోషంలో నేనేమీ వెటకారం చేయదలచుకోలేదు. అది నిజమైన సంతోషం.

కొన్నాళ్లకు మా శాఖకు సలహా సంఘం వేశారు. అధ్యక్షులు జంగారెడ్డి సార్. మొదటి సమావేశంలో మొదటి తీర్మానం వెనక గది. నిధులూ వచ్చాయి, వైరింగూ మారింది. టీవీ పెట్టారు, పడక కుర్చీలు వేశారు, క్యారంబోర్డు వచ్చింది. పోటీ పరీక్షల పుస్తకాల బీరువాలు హాలులోకి, బెంచీలు వరండాలోకి పోయాయి. ప్రారంభోత్సవం నాడు జంగారెడ్డి సార్ రిబ్బన్ కత్తిరించి మైకు పట్టుకున్నారు. "ఈ మందిరం మన యువత త్యాగాల ఫలం" అన్నారు. ఆయన మనసారా అన్నారనే నా నమ్మకం. పక్కనే వెంకట్రామయ్య గారు చప్పట్లు కొట్టారు. యువత వరండాలో వానకు బెంచీలు లోపలికి జరుపుకుంటూ ఉన్నారు.

నోటిఫికేషన్లు రాలేదని అనను. వచ్చాయి. ఒకటి వచ్చి కోర్టుకు పోయింది, ఇంకొకటి వచ్చి వాయిదా పడింది. రజిత రాసింది, మార్కులు వచ్చాయి, జాబితా రాలేదు. ఈలోగా వయసు దాటిపోతున్నదని పిల్లలు గోల చేస్తే వయోపరిమితి పెంచారు. ఉద్యోగం ఇవ్వలేక వయసు ఇచ్చారన్నమాట. తర్వాత ఇంకొక దయ కూడా చేశారు. ఉద్యోగుల రిటైర్మెంటు వయసు పెంచారు. అంటే లోపలికి వచ్చే వయసూ పెరిగింది, బయటికి పోయే వయసూ పెరిగింది. రెండు తలుపులూ దూరం జరిపి, రెండువైపులా న్యాయం చేశామన్నారు.

రిటైర్మెంటు పెంపు నాకూ వచ్చింది. వద్దని దరఖాస్తు పెట్టేంత గొప్పదాన్ని కాదు. ఆ వార్త వచ్చిన రోజు రజిత స్వీటు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మంచిగైంది మేడం. మీరున్నన్ని దినాలు మాకు తలుపు తెరుసుకుంటది."

ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు. అందుకే ఆ ముక్క తినకుండా కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాను.

ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముసలివాళ్లు స్వార్థపరులు, పిల్లలు అమాయకులు అని నేను చెబుతున్నాననుకోకండి. ఆ వెనక గది పిల్లల్లోనే ఇద్దరు ముగ్గురికి ఉద్యోగాలొచ్చాయి. వాళ్లిప్పుడు ఆఫీసుల్లో ఫైళ్ల మీద తువ్వాళ్లు పరిచి కూర్చున్నారని విన్నాను. కుర్చీ దొరికిన ప్రతివాడికీ ఇంకా కొంచెంసేపు కూర్చోవాలనే ఉంటుంది. దాన్ని నేను తప్పు పట్టను. లేచి పోయిన తర్వాత కూడా గుడ్డ వేసి పోవడం దగ్గరే నాకు పేచీ.

మర్నాడు పొద్దున

చివరికి నేనూ రిటైరయ్యాను. శాలువా కప్పారు, జంగారెడ్డి సార్ ప్రసంగించారు, నా స్థానంలో ఎవరినీ వేయలేదు. మలక్‌పేట శాఖ లైబ్రేరియన్‌నే వారంలో మూడు రోజులు ఇక్కడికి కూడా వచ్చి చూసుకోమన్నారు.

మర్నాడు ఇంట్లో కాలు నిలవలేదు. తొమ్మిదయ్యేసరికి పేపరు చదువుకుందామని లైబ్రరీకే పోయాను. ఇన్నేళ్లలో మొదటిసారి తాళంచెవి లేకుండా. హాలు ఎప్పటిలాగే ఉంది. వెంకట్రామయ్య గారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. బాగా వంగిపోయారు. జంగారెడ్డి సార్ మోకాలు ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా వస్తున్నారు, ఆయన కుర్చీ మీద తువ్వాలు ఉంది. ఆ పక్క కుర్చీ మీద ఇంకొక తువ్వాలు, ఉతికి ఇస్త్రీ చేసింది. దాన్ని చూపిస్తూ వెంకట్రామయ్య గారు విప్పారిన ముఖంతో నన్ను పిలిచారు.

"రండమ్మా రండి. మీకోసం పొద్దున్నే వచ్చి వేశాను. ఇక మీరూ మావాళ్లే కదా."

ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో చెప్పలేను. ముప్పై ఏళ్లుగా అందరి కుర్చీలకూ కాపలా ఉన్నదాన్ని, నాకోసం ఒకరు కుర్చీ ఆపి ఉంచారు. కాళ్లు నొప్పిగానే ఉన్నాయి. కూర్చోబోయాను కూడా. పాత అలవాటు కొద్దీ హాలంతా ఒకసారి చూశాను.

బీరువా దగ్గర రజిత ఉంది. కళ్లజోడు పెట్టుకుంది, చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. బీరువా మీద పుస్తకం పెట్టుకుని, ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడింది. మా వైపు చూడలేదు. ఆ కుర్చీ వైపు చూడటం ఆమె ఎన్నడో మానేసింది.

నేను తువ్వాలు తీసి, మడత పెట్టి, వెంకట్రామయ్య గారి ఒళ్లో పెట్టాను. ఆయన బిత్తరపోయి, "అదేంటమ్మా, అది మీకోసం వేసిందే కదా" అన్నారు.

"ఈడ మనిషున్నది సార్" అన్నాను.

"ఎవరమ్మా? ఎక్కడ?"

"అగో, ఎప్పటిసంది నిలబడే ఉన్నది."